సిగ్నల్ గీతలు చెప్పని లెక్క: ఫోన్‌లో దాగిన మెనూతో నా అనుభవం

సంక్రాంతి ముందు వారం భీమవరం దగ్గరి మా ఊరు చేరాను, నెలాఖరు దాకా అక్కడి నుంచే ఆఫీసు పని చేసుకోవచ్చని. మర్నాటికే తేలిపోయింది, మా మధ్యగదిలో ఫోన్ ఉన్నా లేనట్టేనని. ఒకటి కాకపోతే ఇంకొకటి ఆదుకుంటుందని రెండు కంపెనీల సిమ్‌లు వేసుకెళ్లాను. రెండింటికీ పైన రెండేసి గీతలే. మొదటి సిమ్‌లో 4జీ ఉన్నట్టుండి పోయి 2జీకి గుర్తయిన ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం వచ్చి కూర్చుంటుంది. రెండోదాంట్లో 4జీ గుర్తు కదలదు, కానీ రాత్రి ఎనిమిది దాటితే ఒక్క పేజీ తెరుచుకోదు. కస్టమర్ కేర్‌కు చేస్తే రెండు చోట్లా ఒకే మాట: ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.

ఆ గీతలను నమ్ముకుంటే పని కాదు. ఏ స్థాయి సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలో ఫోన్ తయారీదారు, నెట్‌వర్క్ కంపెనీ పెట్టుకున్న లెక్క అది. అదే చోట, అదే కంపెనీ సిమ్‌తో ఒక ఫోన్ మూడు గీతలు చూపిస్తే ఇంకో ఫోన్ రెండే చూపిస్తుంది. అసలు అంకె కావాలంటే ఫోన్‌తో వచ్చే చిన్న పుస్తకంలో ఎక్కడా రాయని మెనూ తెరవాలి.

డయల్ ప్యాడ్‌లో *#*#4636#*#* కొట్టాను. కాల్ బటన్ నొక్కక్కర్లేదు, చివరి నక్షత్రం పడగానే తెర మారిపోతుంది. ఇది నెట్‌వర్క్‌కు పోయే కోడ్ కాదు. బ్యాలెన్స్ చూసుకునే కోడ్‌లు కంపెనీ సర్వర్ దాకా వెళ్లి వస్తాయి. దీన్ని మాత్రం ఫోన్‌లోని డయలర్ యాపే పట్టుకుని లోపలి టెస్టింగ్ మెనూకి అందిస్తుంది. అందుకే సిమ్ లేకపోయినా, సిగ్నల్ లేకపోయినా తెరుచుకుంటుంది. మొదట్లో నాకు తెరుచుకోలేదు. నంబరు అలాగే తెర మీద నిలబడిపోయింది. కారణం, నేను కొట్టింది బయటి నుంచి వేసుకున్న కాలర్ ఐడీ యాప్‌లో. ఇలాంటి కోడ్‌లను లోపలికి పంపే హక్కు డిఫాల్ట్ డయలర్‌కే ఉంటుంది, ఆ డయలర్ కూడా పంపేలా రాసి ఉండాలి. ఫోన్‌తో వచ్చిన డయలర్‌లో కొడితే వెంటనే వచ్చింది. ప్లే స్టోర్‌లో ‘4జీ ఓన్లీ’ అంటూ దొరికే యాప్‌లు చాలావరకు చేసేది కూడా ఇదే తెరను తెరవడం, మధ్యలో రెండు ప్రకటనలు చూపించి.

మెనూలో ‘ఫోన్ ఇన్ఫర్మేషన్’ నొక్కితే పొడవాటి పేజీ వస్తుంది. రెండు సిమ్‌లున్నవాళ్లు ముందు పైనున్న ఎంపిక పెట్టె చూసుకోవాలి. అందులో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది: ఫోన్ 0 అంటే మొదటి సిమ్, ఫోన్ 1 అంటే రెండోది. ఇది చూసుకోకపోతే ఒక సిమ్ అంకెలు చదువుతూ ఇంకో సిమ్‌ను తిట్టుకుంటాం.

అక్కడ ‘సిగ్నల్ స్ట్రెంగ్త్’ ఎదురుగా మధ్యగదిలో మొదటి సిమ్‌కు నాకు కనిపించింది మైనస్ 119 డీబీఎమ్, 21 ఏఎస్‌యూ. రెండూ సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణాలే. 4జీలో ఈ రెండూ ఒకటే అంకె: డీబీఎమ్‌కు 140 కలిపితే ఏఎస్‌యూ. మైనస్ గుర్తు వల్ల మొదట తికమకగా ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 90 లోపు ఉంటే హాయి. 105 దాకా పని జరుగుతుంది. 115 దాటితే మాట తెగుతుంది. 120 దగ్గర ఫోన్ 4జీని వదిలేసి దొరికినదాన్ని పట్టుకుంటుంది. తేడా చిన్నదిగా కనిపించినా చిన్నది కాదు. 10 తగ్గితే అందే శక్తి పదో వంతుకు పడిపోతుంది, 20 తగ్గితే నూరో వంతుకు.

ఇక ఇల్లంతా తిరిగి చూడటం మొదలుపెట్టాను. వసారాలో మైనస్ 110. వంటింట్లో, ఇనుప బీరువా పక్కన, 121. డాబా మీద 97. మేడగది తూర్పు కిటికీలో 100. ఒక్కోచోట ఆగాలి, ఎందుకంటే ఆ అంకె మనతోపాటు నడవదు, కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది. నేనైతే ఒక్కో చోట అర నిమిషం నిలబడి, కాస్త నిలకడగా వచ్చినదాన్ని రాసుకున్నాను. ఫోన్‌ను గుప్పిట్లో బిగించి పట్టుకుంటే నాలుగైదు డీబీ అక్కడే పోతాయి, బల్ల మీద పెట్టి చూడటమే మేలు. “ఏరా, పండగ పూట గోడలు కొలుస్తున్నావేంటి, ఇల్లేమైనా అమ్ముతున్నావా?” అంది అమ్మ. చెబితే ఒక పట్టాన అర్థమయ్యే పని కాదు గనక నవ్వి ఊరుకున్నాను.

బలం తెలిసింది, కారణం తెలియలేదు. దానికి అదే పేజీలో కిందికి పోవాలి. ఫోన్‌కు అందుతున్న అన్ని సెల్‌ల (టవర్ మీది ఒక్కో ప్రసార భాగం) కొలతలూ చూపించే పట్టిక ఒకటుంది, కానీ నాకది ఖాళీగా కనిపించింది. చాలామంది ఇక్కడే ‘నా ఫోన్‌లో ఇది రాదు’ అనుకుని వదిలేస్తారు. దాని పైనే ‘సెల్ ఇన్ఫో రిఫ్రెష్ రేట్’ అని ఉంటుంది, మొదట ‘డిసేబుల్డ్’లో ఉంటుంది. దాన్ని ‘ఇమీడియట్’కు మార్చి, ఫోన్‌కు లొకేషన్ ఆన్ చేస్తే వరసలు వచ్చిపడ్డాయి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఇరుకుగా ఉంటాయి, ఫోన్ అడ్డంగా తిప్పితే కాస్త చదవొచ్చు.

ఆ వరసలో నాకు పనికొచ్చినవి నాలుగు: ఈఏఆర్‌ఎఫ్‌సీఎన్, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ, టీఏ. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే పైన డీబీఎమ్‌లో చూసిన బలమే, ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ అంటే సిగ్నల్ శుభ్రత. ఈఏఆర్‌ఎఫ్‌సీఎన్ ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉన్నామో చెప్పే సంఖ్య. 1200 నుంచి 1949 మధ్య ఉంటే బ్యాండ్ 3, అంటే 1800 మెగాహెర్ట్జ్. 2400 నుంచి 2649 అయితే బ్యాండ్ 5, అది 850. 3450 నుంచి 3799 అయితే బ్యాండ్ 8, అది 900. 38650 నుంచి 39649 అయితే బ్యాండ్ 40, అది 2300. మెగాహెర్ట్జ్ ఎంత తక్కువైతే సిగ్నల్ అంత దూరం వస్తుంది, గోడలను అంత బాగా దాటుతుంది. ఎక్కువైతే వేగం వస్తుంది గానీ గోడకు లొంగిపోతుంది.

టీఏ అన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన గడి. ఫోన్ నుంచి వెళ్లే సంకేతం టవర్‌కు సమయానికి చేరాలంటే ఎంత ముందు బయల్దేరాలో టవర్ చెప్పే అంకె అది. 4జీలో ఒక్కో అంకెకు సుమారు 78 మీటర్ల దూరం. చాలా ఫోన్లు దీన్ని ఖాళీగా వదిలేస్తాయి. చూపించేవి కూడా డేటా పారుతున్నప్పుడే సరిగా చూపిస్తాయి, అందుకే వెనక ఒక వీడియో నడుస్తూ ఉండగా చూశాను. మొదటి సిమ్‌కు 41 వచ్చింది. గుణిస్తే మూడు కిలోమీటర్ల పైన. మా డాబా మీద నుంచి కనిపించే టవర్ అర కిలోమీటరు కూడా ఉండదు! ఇన్నాళ్లూ ఇంట్లో అందరం ‘టవర్ ఎదురుగానే ఉంది, అయినా సిగ్నల్ లేదు’ అని ఆశ్చర్యపోతున్నది ఆ కంపెనీది కాని టవర్‌ను చూసి. రెండో సిమ్‌కు టీఏ 6. ఎదురుగా ఉన్నది దానిది.

మొదటి సిమ్ జబ్బు దూరం. పైగా అంత దూరం నుంచి ఫోన్ బ్యాండ్ 3 మీద వేలాడుతోంది. బ్యాండ్ 8 అందుబాటులో ఉన్నా దాని మీదకు పోవడం లేదు. ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉండాలో చాలావరకు నెట్‌వర్క్ పెట్టే ప్రాధాన్యాల మీద నడుస్తుంది. ఎక్కువ సామర్థ్యం ఉన్న బ్యాండ్‌కు మొగ్గు ఇవ్వడం మామూలే. ఊరి మధ్యలో వాళ్లకు అది లాభం, మాలాగా అంచున ఉన్నవాళ్లకు నష్టం.

ముందు అదే పేజీలోని ‘సెట్ ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్’లో ‘ఎల్‌టీఈ ఓన్లీ’ (అంటే 4జీ మాత్రమే) పెట్టి చూశాను. ‘ఈ’ గుర్తు రావడం మానేసింది, అంతవరకు బాగుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది, ఎవరికైనా సలహా ఇచ్చే ముందు ఇది చెప్పాలి. వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సౌకర్యం) పనిచేయని సిమ్‌లో, లేదా సెట్టింగుల్లో వోల్టీ ఆఫ్‌లో ఉన్న ఫోన్‌లో, మాట్లాడటానికి ఫోన్ 2జీకి దిగాలి. ‘ఎల్‌టీఈ ఓన్లీ’ ఆ దారి మూసేస్తుంది. ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, మీకు ఫోన్ చేసేవాళ్లకు మాత్రం స్విచ్ఛాఫ్ అని వినిపిస్తుంది. మనకేమీ తెలియదు. కాబట్టి మార్చిన వెంటనే పక్కవాళ్ల ఫోన్ నుంచి రింగ్ చేయించి చూడాలి. జియోకు 2జీ, 3జీ అసలే లేవు గనక ఆ సిమ్‌కు ఈ బెడద ఉండదు. ‘ఎన్‌ఆర్ ఓన్లీ’ అంటే 5జీ మాత్రమే. 4జీని ఆధారంగా పట్టుకుని నడిచే ఎన్‌ఎస్‌ఏ తరహా 5జీ ఉన్నచోట అది పెడితే సిగ్నలే పోతుంది. జియో పరచింది 4జీ ఆధారం లేకుండా నడిచే ఎస్‌ఏ తరహా, ఎయిర్‌టెల్ మొదట పరచింది ఎన్‌ఎస్‌ఏ. ఒకరికి పనిచేసిన చిట్కా ఇంకొకరికి బెడిసికొట్టడానికి అసలు సంగతి ఇదే.

ఈ పేజీలోనే ‘మొబైల్ రేడియో పవర్’ అనే స్విచ్ ఒకటి ఉంది. ఆపితే ఫ్లైట్ మోడ్ గుర్తు కూడా లేకుండా సిగ్నల్ మాయమవుతుంది. తెలియక ముట్టుకున్నవాళ్లు ఫోన్ పాడైందని షాపుకు పరిగెత్తుతారు. మళ్లీ అదే పేజీకి వచ్చి ఆన్ చేస్తే సరి.

బ్యాండ్‌ను చేత్తో ఎంచుకోవడం 4636 పేజీలో కుదరదు. నా రెడ్మీలో ఉన్నది మీడియాటెక్ చిప్, దానికి ఇంజినీర్ మోడ్ అనే ఇంకో మెనూ ఉంది: *#*#3646633#*#*. లోపల ‘టెలిఫోనీ’, అందులో ‘బ్యాండ్ మోడ్’, అందులో సిమ్ ఎంపిక. అప్పుడు జీఎస్ఎమ్, ఎల్‌టీఈ బ్యాండ్‌ల జాబితా టిక్కులతో వస్తుంది. ఏదైనా కదిపే ముందు ఇంకో ఫోన్‌తో ఆ తెరను ఫొటో తీసిపెట్టుకోవాలి, ఏ టిక్కు ముందు ఉందో ఏది లేదో తర్వాత గుర్తుండదు. ఎల్‌టీఈలో 3, 40 మీద టిక్కులు తీసేసి, 8 ఉంచి, పేజీ అడుగున ఉన్న ‘సెట్’ నొక్కాను. ఫ్లైట్ మోడ్ వేసి పది సెకన్లాగి తీశాను. నెట్‌వర్క్ దొరకడానికి నిమిషం పైనే పట్టింది, ఆ నిమిషం మాత్రం గుండె గొంతులోకి వచ్చింది. తర్వాత 4636 పేజీలో చూస్తే ఈఏఆర్‌ఎఫ్‌సీఎన్ 3600ల్లోకి మారింది, మధ్యగదిలో మైనస్ 107.

ఏం మారిందంటే కాల్స్ తెగడం ఆగింది. వేగం గొప్పగా ఏమీ రాలేదు, నాలుగైదు ఎంబీపీఎస్, కానీ నిలకడగా. అంతకుముందు ఒక క్షణం పది, మరుక్షణం సున్నా. వీడియో మీటింగ్‌కు నిలకడే ముఖ్యం. అయితే ఇలా బ్యాండ్ బిగించిన ఫోన్‌తో ఊరు దాటితే చిక్కే. భీమవరం టౌన్‌లో నా ఫోన్‌కు అందరికన్నా తక్కువ వేగం వచ్చింది, బ్యాండ్ 3 ఉన్నా దాన్ని చూడలేదు కాబట్టి. బస్సెక్కే ముందు టిక్కులన్నీ వెనక్కి పెట్టుకోవాలి.

ఆ ఇంజినీర్ మోడ్‌లో ఇంకా చాలా గదులున్నాయి. చూడటానికి వెళ్లొచ్చు గానీ అర్థం కానిచోట ‘సెట్’, ‘రైట్’ నొక్కకూడదు. ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐని మార్చే దారులు చూపించే వీడియోలూ తిరుగుతుంటాయి. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 ప్రకారం దానికి మూడేళ్ల దాకా జైలు, రూ.50 లక్షల దాకా జరిమానా. వాట్సాప్‌లో వచ్చే ‘రహస్య కోడ్‌ల’ జాబితాను వరసగా కొట్టి చూడటం కూడా మంచిది కాదు. కొన్ని పాత శాంసంగ్ ఫోన్లలో ఒక కోడ్ ఏ ప్రశ్నా అడగకుండా ఫోన్ మొత్తం తుడిచేసేది. 2012లో రవి బోర్గావ్‌కర్ అనే పరిశోధకుడు ఒక వెబ్ లింక్‌తోనే ఆ కోడ్‌ను డయలర్‌లో నడిపించవచ్చని అర్జెంటీనాలోని ఎకోపార్టీ సదస్సులో చూపించాక కంపెనీ హడావుడిగా సరిచేసింది. *401# తర్వాత ఎవరిదో నంబరు కొట్టమని ఫోన్‌లో చెప్పే మోసం ఇంకో రకం, అది మీ కాల్స్‌ను వాళ్లకు మళ్లిస్తుంది. 2024 ఏప్రిల్ 15 నుంచి అలాంటి కోడ్‌లతో జరిగే ఫార్వర్డింగ్‌ను ఆపేయమని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. అనుమానం ఉంటే *#21# కొట్టి ఫార్వర్డింగ్ స్థితి చూసుకోవచ్చు.

అమ్మది శాంసంగ్. ఆ ఫోన్‌లో 4636 తెరుచుకోలేదు, *#0011# పనిచేసింది. సర్వీస్ మోడ్ అని నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తాయి, బ్యాండ్, ఆర్‌ఎస్‌ఆర్‌పీ అందులోనే దొరుకుతాయి. చూడటానికే గానీ మార్చడానికి కాదు. పండక్కి వచ్చిన బావగారి ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కాలి, అప్పుడు ఫీల్డ్ టెస్ట్ వస్తుంది. మూడు ఫోన్లూ ఒకే కంపెనీ సిమ్‌తో ఒకే బల్ల మీద పెట్టి చూస్తే ఐదారు డీబీ తేడా వచ్చింది. గీతలు మాత్రం ఒకదాంట్లో ఒకటి, ఒకదాంట్లో మూడు.

రెండో సిమ్ సంగతి వేరు. టవర్ దగ్గరే, బ్యాండ్ 40, మేడగదిలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 88. ఇంత మంచి సిగ్నల్‌తో రాత్రిపూట పేజీ తెరుచుకోకపోవడానికి జవాబు ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ గడిలో దొరికింది. పొద్దున ఆరింటికి మైనస్ 9, రాత్రి తొమ్మిదింటికి మైనస్ 16. బలం తగ్గలేదు, శుభ్రత తగ్గింది. టవర్ మీద జనం ఎక్కువైనప్పుడో, పక్క టవర్ అడ్డుతగిలినప్పుడో ఈ అంకె పడిపోతుంది. మాకు పొద్దున బాగుండి రాత్రి పడిపోతోంది కాబట్టి రద్దీయే. పండక్కి ఊరు నిండింది, అందరూ అదే టవర్ మీద. దీనికి ఫోన్‌లో తిప్పగలిగిన మర ఏదీ లేదు. బ్యాండ్ మార్చి చూశాను, రాత్రి తేడా రాలేదు.

ఇక కంపెనీకే రాయాలి. మొదటి ఫిర్యాదు మామూలుగా ‘నెట్ రావడం లేదు’ అని పెట్టింది, రెండో రోజుకే ‘పరిష్కరించాం’ అని మెసేజ్ వచ్చి మూసుకుపోయింది. ఈసారి అంకెలతో రాశాను: తేదీ, పొద్దున ఆరింటి కొలతలు, రాత్రి తొమ్మిదింటి కొలతలు, సెల్‌ను గుర్తుపట్టే సంఖ్యలైన సీఐడీ, పీసీఐ, ఈఏఆర్‌ఎఫ్‌సీఎన్, స్క్రీన్‌షాట్లు. స్క్రీన్‌షాట్ పంపేముందు పై భాగం కత్తిరించాలి, అక్కడ ఐఎంఈఐ, ఐఎంఎస్ఐ (సిమ్ గుర్తింపు సంఖ్య), ఫోన్ నంబరు మొత్తం కనిపిస్తాయి. ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబరు దాచిపెట్టుకోవాలి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీలోని అప్పీలు అధికారికి పోవచ్చు, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. అంకెలతో రాసిన ఫిర్యాదుకు కాల్ సెంటర్ నుంచి కాక నెట్‌వర్క్ విభాగం నుంచి ఫోన్ వచ్చింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్నే సీఐడీ. నేను చెప్పిన అంకెలు తన దగ్గరున్నవాటితో సరిపోయాక మాట తీరు మారింది. టవర్ సామర్థ్యం పెంచాల్సినవాటిలో ఇది ఉందన్నారు, తేదీ చెప్పలేదు.

ఈలోపు చేసుకున్న ఏర్పాటు ఇది. పాత ఫోన్ ఒకటి, బ్యాండ్ 8 బిగించిన మొదటి సిమ్‌తో, మేడగది తూర్పు కిటికీలో హాట్‌స్పాట్‌గా. అక్కడ మైనస్ 95 వస్తోంది. చార్జర్ ఎప్పుడూ పెట్టి ఉండాలి. మధ్యాహ్నం ఎండ కిటికీ మీద పడితే ఫోన్ కాగిపోయి హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోతుంది, అందుకని వెనక కవర్ తీసేసి ఊచల నీడలోకి జరిపాను. కింద ఫోన్లలో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే మధ్యగదిలోంచే మాటలు సాగుతున్నాయి. ఖర్చు పొడవాటి చార్జింగ్ వైరుకు రూ.250. ఆండ్రాయిడ్ అప్‌డేట్ వచ్చాక మాత్రం ‘ఎల్‌టీఈ ఓన్లీ’ దానంతటదే పాత స్థితికి పోయింది. మామూలు సెట్టింగుల్లో నెట్‌వర్క్ రకం ముట్టుకున్నా అలాగే పోతుంది. అందుకే రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఒకసారి 4636 తెరిచి చూస్తున్నాను. అమ్మకు కూడా నేర్పాను: మూడంకెల సంఖ్య 110 దాటితే నాకు ఫోన్ చేయమని.